ఎడారి ఊరి పండుగలు ఎవరివి?

అమెరికా పటంలో నైరుతి మూలన, మెక్సికో సరిహద్దుకు సుమారు 100 కిలోమీటర్ల ఇవతల, అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే నగరం ఉంది. జనాభా ఐదున్నర లక్షల దరిదాపుల్లో ఉంటుంది, ఇంచుమించు మన నెల్లూరంత ఊరు. చుట్టూ సొనోరా ఎడారి. ఏడాది పొడుగునా పడే వాన 11, 12 అంగుళాలు. కరువు సీమగా పేరుపడ్డ మన అనంతపురంలో కురిసేదానిలో అది దాదాపు సగం. ఆ కాస్తలోనూ సగం వాన జూలై నుంచి సెప్టెంబరు లోపు ఉరుములు మెరుపులతో వచ్చి వెళ్లిపోతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటితే అక్కడెవరూ ఆశ్చర్యపోరు. అలాంటి ఊరిని యునెస్కో 2015 డిసెంబరులో ఆహార సంస్కృతికి పేరుగాంచిన నగరాల జాబితాలో చేర్చింది. అమెరికాలో ఆ గౌరవం అందుకున్న మొదటి నగరం అదే. పెద్ద పెద్ద హోటళ్లకు, పేరుమోసిన వంటగాళ్లకు నెలవైన న్యూయార్కు, న్యూ ఆర్లియన్సు లాంటి నగరాలు ఉండగా ఆ గుర్తింపు ముందుగా ఈ ఎడారి ఊరికి ఎందుకు దక్కింది? శాంటా క్రూజ్ నది ఒడ్డున 4,000 ఏళ్ల కిందటే మొక్కజొన్న పండించారనీ, 3,000 ఏళ్ల నాడే కాలువలు తవ్వి పొలాలకు నీళ్లు పారించారనీ తవ్వకాల్లో తేలింది. అది ఒక కారణం. కానీ పాతదనం ఒక్కటే గొప్ప అయితే దానికి మ్యూజియం చాలు. టూసాన్ గురించి ఈ పూట మాట్లాడుకోవడానికి వేరే కారణం ఉంది.

ఒక ఊరి తిండి గానీ, పాట గానీ, జాతర గానీ తరాలు దాటి నిలవాలంటే చూసేవాళ్లు పెరిగినంత మాత్రాన సరిపోదు. చేసేవాళ్లు పెరగాలి. ఆ చేసే పనికి ఆ నేలతో, ఆ రుతువుతో లంకె ఉండాలి. నేను చెప్పదలచుకున్న మాట ఇంతే. మనకు ఉత్సవం అంటే ఇప్పుడు ఒక వేదిక, ఒక మైకు, వరసగా కుర్చీలు, చివర్లో జ్ఞాపికలు. పత్రికల్లో కళలకొక పేజీ, వంటలకొక పేజీ, విహారానికొక పేజీ విడివిడిగా వస్తాయి. టూసాన్‌లో బాగా నిలదొక్కుకున్న వేడుకలను పరిశీలిస్తే ఆ మూడూ ఒకే పేజీలో కనిపిస్తాయి, వాటిని కలిపి కుట్టిన దారం వాన. దీనికి నిదర్శనాలు ఏమిటో, దీనిమీద రాగల అభ్యంతరాలు ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

అన్నిటికన్నా పాత నిదర్శనం సగువారో పండ్ల కోత. సగువారో అంటే ఆ ఎడారిలో 40 అడుగుల దాకా పెరిగే బ్రహ్మజెముడు లాంటి చెట్టు. దానికి మొదటి కొమ్మ రావడానికే అర్ధ శతాబ్దం పైగా పడుతుంది. మే నెలలో పూసి, జూన్ ఎండల్లో, సరిగ్గా వానకు ముందు, చిటారున పండుతుంది. ఆ నేలకు మొదటి నుంచీ హక్కుదారులైన తొహోనో ఓదమ్ ప్రజలు ఈ పండ్లను దోటీలతో రాలుస్తారు. ఆ దోటీ కూడా సగువారోదే: చచ్చి ఎండిన చెట్టు లోపలి ఈనెలను ఒకదానికొకటి కట్టి, కొసన చిన్న అడ్డకర్ర బిగిస్తారు. కింద పడ్డ పండును కోయడానికి కత్తి అక్కర్లేదు. పండు కొసన ఎండిపోయి గట్టిపడ్డ పూవు అంచే కత్తిగా పనికొస్తుంది. లోపల ఎర్రని గుజ్జు, నిండా నల్లని గింజలు. గుజ్జు తీసుకున్నాక తొక్కను పారేయరు. ఎర్రటి లోపలి వైపు ఆకాశానికి కనిపించేలా చెట్టు కింద పరిచి వదిలేస్తారు, వానను పిలవడానికి. గుజ్జును నానబెట్టి, వడగట్టి, ముదురు పాకంగా కాస్తారు. ఆ పాకంలో కొంత పులియబెట్టి వాన కోసం చేసే తంతులో తాగుతారు. ఓదమ్‌ల కొత్త సంవత్సరం అక్కడి నుంచే మొదలు. ఇందులో తిండి ఎక్కడ ఆగిందో, ఆరాధన ఎక్కడ మొదలైందో, ఆరుబయట తిరుగుడు ఎక్కడ కలిసిందో గీత గీసి చెప్పగలరా? ఒక్క మాట మాత్రం మరవకూడదు. ఆ తంతు ఓదమ్‌లది, టిక్కెట్టు కొని చూసే ప్రదర్శన కాదు. చేసే పండుగ అన్నంత మాత్రాన అందరికీ తలుపులు తెరిచిన పండుగ అని అర్థం చేసుకోకూడదు. అది ఎవరిదో వాళ్లు చేసుకుంటున్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

రెండో నిదర్శనం మెస్కీట్ చెట్టు. మన జమ్మికీ, మన చెరువు గట్లనూ పోరంబోకులనూ ఆక్రమించిన సర్కారు తుమ్మకూ అది దగ్గరి చుట్టం. ఎండాకాలం చివర దాని కాయలు పసుపు తిరిగి, చేత్తో కాస్త లాగితే ఊడి వస్తాయి. వాన పడకముందే ఏరుకోవాలి. నేల మీద తడిసిన కాయకు పట్టే బూజులో విషం ఉండే ప్రమాదం ఉంది. గింజ రాయిలా ఉంటుంది. తీపంతా దాని చుట్టూ ఉన్న గుజ్జులోనే. ఓదమ్‌లు, ఇతర ఆదివాసులు దాన్ని దంచి పిండి చేసుకుని వేల ఏళ్లు బతికారు. ఊరు నగరమయ్యాక ఆ కాయలు పేవ్‌మెంట్ల మీద రాలి, ఊడ్చేసే చెత్తగా మారాయి. డెజర్ట్ హార్వెస్టర్స్ అనే స్వచ్ఛంద బృందం మరను ట్రైలర్ మీదికెక్కించి జనం దగ్గరికే తీసుకెళ్లడంతో వీధి చెట్టు కాయలను బకెట్లతో తెచ్చి పిండి పట్టించుకునే వేడుక పుట్టింది. విత్తనాల సంగతీ అంతే. నేటివ్ సీడ్స్ సెర్చ్ అనే సంస్థ 1983 నుంచి ఆ ప్రాంతపు పాత విత్తనాలు సేకరిస్తోంది. అవి రెండు వేల రకాలకు దగ్గరగా ఉన్నాయి. విత్తనాన్ని శీతల గదిలో ఎంత భద్రంగా దాచినా కొన్నేళ్లకు మొలిచే శక్తి తగ్గుతుంది, మళ్లీ నేలలో వేసి కొత్త గింజ తీయాల్సిందే. వాడకుండా దాచింది నిలవదని ఇంతకంటే సూటిగా చెప్పే రుజువు ఉండదు. అందుకే అక్కడి పిమా కౌంటీ గ్రంథాలయం 2012 నుంచి పుస్తకాలతో పాటు విత్తనాలు కూడా అరువిస్తోంది. లైబ్రరీ కార్డు చూపించి టెపరీ చిక్కుడు గింజలు ఇంటికి తీసుకెళ్లవచ్చు. ఒకటి రెండు మంచి వానలకే, రెండు మూడు నెలల్లో చేతికొచ్చే పంట అది.

ఇక కళల వైపు చూద్దాం. 1974లో జిమ్ గ్రిఫిత్ అనే జానపద పరిశోధకుడు, ఆయన భార్య లోమా కలిసి టూసాన్ మీట్ యువర్‌సెల్ఫ్ అనే జాతర మొదలుపెట్టారు. ఏటా అక్టోబరులో మూడు రోజులు నడుస్తుంది. బయటి నుంచి పేరున్న కళాకారులను డబ్బిచ్చి రప్పించడం దాని పద్ధతి కాదు. ఆ ప్రాంతంలో బతుకుతున్నవాళ్లు తమ ఇళ్లలో, గుళ్లలో, చర్చిల్లో, కులాసాగా కూడినచోట నిజంగా చేసుకునేదే వేదిక మీదికి రావాలి. జీను కుట్టేవాడు, కాగితపు పూలు చేసే అమ్మమ్మ, అకార్డియన్ మీద వైలా అనే తమ సంగీతం వాయించే ఓదమ్ బృందం, తమ సంఘానికి ఏడాది ఖర్చులు సమకూర్చుకోవడానికి వంట దుకాణం పెట్టే వలస కుటుంబాలు, వీళ్లే అక్కడి తారలు. నవంబరు మొదట్లో జరిగే ఆల్ సోల్స్ ఊరేగింపు మరో ఉదాహరణ. 1990లో సుసాన్ జాన్సన్ అనే చిత్రకారిణి తండ్రిని పోగొట్టుకున్న దుఃఖంలో చేసిన చిన్న ప్రయత్నం ఇప్పుడు లక్షకు పైగా జనం కలిసే నడకగా పెరిగింది. పోయినవాళ్ల ఫోటోలు పట్టుకుని, ముఖాలకు పుర్రె రంగులు వేసుకుని సాయంత్రం వేళ నడుస్తారు. పేర్లూ, చెప్పుకోలేకపోయిన మాటలూ కాగితాల మీద రాసి పెద్ద లోహపు పాత్రలో వేస్తారు. చివర ఆ పాత్రను పైకెత్తి నిప్పంటిస్తారు. చూసేవాడికీ నడిచేవాడికీ మధ్య గోడ ఉండదు, పక్కన నిలబడ్డ ఎవరైనా కాలు కదిపితే ఊరేగింపులో మనిషే. మెక్సికో జానపదమైన మరియాచీ సంగీతమూ అలాగే బతికింది. 1964లో పిల్లలతో మొదలైన లోస్ చంగీటోస్ ఫేయోస్ బృందం ఈనాటికీ పిల్లల బృందంగానే నడుస్తోంది. టూసాన్ బడుల్లో మరియాచీ నేర్పుతారు కూడా. శ్రోతల చప్పట్లతో సరిపెట్టుకుని ఉంటే ఆ సంగీతం రెస్టారెంట్లలో నేపథ్య ధ్వనిగా మిగిలేది.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది: ఇదంతా పర్యాటక ప్రచారం కాదా? యునెస్కో ముద్ర పడ్డాక పాత గోధుమల రొట్టె ఖరీదైన సరుకైంది, పేదవాడు సూపర్‌మార్కెట్ రొట్టే కొంటున్నాడు అనేవాళ్లున్నారు. ఈ మాటలో నిజం ఉంది. టూసాన్‌లో పేదరికం దేశ సగటు కంటే ఎక్కువ. 1700 ప్రాంతంలో కినో అనే క్రైస్తవ ఫాదిరీ కాలంలో వచ్చిన వైట్ సొనోరా గోధుమతో రొట్టెలు చేసే డాన్ గెర్రాకు 2022లో అమెరికా వంట రంగపు పెద్ద పురస్కారాలైన జేమ్స్ బియర్డ్ పురస్కారాల్లో ఉత్తమ బేకరు బహుమతి వచ్చింది. ఆ రొట్టె అందరికీ అందే ధరలో లేదనడం అన్యాయమేమీ కాదు. అయితే ఈ వాదన నా మాటను కొట్టేయదు, పైగా బలపరుస్తుంది. ముద్ర వల్ల లాభపడేది కొనేవాడూ అమ్మేవాడూ. విత్తనం ఉచితంగా దొరికే గ్రంథాలయం, వీధి చెట్టు కింద మర, ఎవరికైనా మడి ఇచ్చే సామూహిక తోట మాత్రం కొనలేనివాడిని కూడా పాత తిండికి దగ్గర చేస్తాయి. వారసత్వాన్ని సరుకుగా అమ్మితే అది డబ్బున్నవాడిదవుతుంది, చేసే నేర్పుగా పంచితే అందరిదవుతుంది. ఒక నగరం తన పురస్కారాన్ని ఈ రెంటిలో దేనికి ఎక్కువ ఖర్చు పెడుతోందో చూసి మనం మార్కులు వేయాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఎడారి వివేకం, వాన పండుగ అని పాడుకుంటున్న ఆ ఊరు నిజానికి బతికేది 336 మైళ్ల కాలువలో వచ్చే కొలరాడో నది నీటితో. ఇరవయ్యో శతాబ్దంలో బోర్లు వేసి భూగర్భ జలాన్ని తోడేసి శాంటా క్రూజ్ నదినే ఎండగట్టారు. మరి వానను కొలవడం వట్టి అలంకారమేగా? కొలరాడో నీరు లేకుండా అంత జనం అక్కడ బతకలేరు, ఏ పండుగా ఆ లెక్క మార్చదు. కాని చేసే అలవాటు నీళ్ల లెక్కలోకి కూడా పాకింది. 1996లో బ్రాడ్ లాంకాస్టర్ అనే ఆయన తన వీధిలో రోడ్డు అంచు సిమెంటు గట్టును అనుమతి లేకుండానే కోశాడు. రోడ్డు మీది వాన నీరు ఆ గండి గుండా చెట్ల పాదుల్లోకి దిగింది. అవే మెస్కీట్లు, అవే తినే కాయలు. తర్వాత నగరం ఆ పద్ధతిని చట్టబద్ధం చేసింది. 2008లో చేసి 2010 నుంచి అమలు చేసిన మరో నిబంధన ప్రకారం కొత్త వ్యాపార భవనాలు తమ మొక్కలకు కావలసిన నీటిలో సగం వాన నీటి నుంచే పట్టుకోవాలి. జనాభా ఎంతో పెరిగినా ఆ నగరపు మొత్తం నీటి వాడకం 1980ల మధ్య నాటి స్థాయి దగ్గరే ఉంది. కొలరాడో నీటిని కూడా ఎవ్రా లోయలో నేలకు ఇంకించి వాడుకుంటున్నారు. 2019 నుంచి శుద్ధి చేసిన మురుగు నీటిని ఊరి నడిబొడ్డున శాంటా క్రూజ్‌లోకి వదిలి కొంత మేర నదిని మళ్లీ పారిస్తున్నారు. 1983 వరదల తర్వాత కట్టిన నది, వాగుల గట్ల వెంట పెరిగిన నడక, సైకిల్ దారి ఇవాళ 130 మైళ్లు దాటింది. పొద్దున్నే ఆ దారిన నడిచేవాడికి నదిలో నీరుందో లేదో రోజూ కళ్లెదుటే. వాన పండుగ వల్లే నీళ్లు మిగిలాయని నేననను. వాన విలువ చేతులతో తెలిసిన జనం ఉన్నచోట ఇలాంటి నిబంధనలకు ఒప్పుకోలు తేలికన్నది మాత్రం నమ్మదగ్గ మాట.

మూడో అభ్యంతరం నైతికమైనది. ఈ సంస్కృతిని ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటున్న నగరమే ఒకప్పుడు దాన్ని బుల్డోజర్లతో తొక్కింది కదా? తొక్కింది. 1966లో ఓటు వేయించి, ఊరి మధ్యలో మెక్సికన్ అమెరికన్లు, చైనీయులు, నల్లజాతివాళ్లు, ఆదివాసులు కలిసి ఉన్న పాత పేటలో సుమారు 80 ఎకరాలు నేలమట్టం చేసి సభా భవనం కట్టారు. ఓదమ్‌ల విషయంలో గాయం ఇంకా లోతు. నీరు పోయింది, పొలాలు పోయాయి, టెపరీ గింజల స్థానంలో రేషన్ పిండి, నూనె, చక్కెర వచ్చాయి. ఆ జాతిలో చక్కెర వ్యాధి ప్రపంచంలోనే అతి ఎక్కువ ఉన్న సముదాయాల స్థాయికి చేరింది. నీటి హక్కు కోసం వాళ్లు చేసిన పోరాటం తర్వాత 1982లో గానీ అమెరికా చట్టసభ కాంగ్రెసు నుంచి చట్టం రాలేదు. ఇప్పుడు శాన్ జేవియర్ సహకార వ్యవసాయ క్షేత్రంలో ఓదమ్‌లే మళ్లీ టెపరీలు పండిస్తున్నారు. ఈ చరిత్ర చెప్పకుండా పండుగ ఫోటోలు మాత్రమే చూపించడం మోసం. పాత పేటలో మిగిలిన భాగాన్ని కాపాడింది ఏది? అక్కడి వాళ్లు ఏళ్ల తరబడి కొవ్వొత్తులు వెలిగిస్తున్న ఎల్ టిరాడిటో అనే చిన్న మొక్కుబడి స్థలం. దాన్ని 1971లో జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో ఎక్కించడం ఆ పేటలోంచి వేయబోయిన పెద్ద రహదారికి అడ్డుకట్ట అయింది. కళాఖండాలు లేని స్థలం అది, కూలిన మట్టి గోడ, మైనపు మరకలు తప్ప. జనం వాడుతున్న స్థలం కనుకనే దాని కోసం నిలబడ్డారు.

చివరిది స్వచ్ఛత వాదుల అభ్యంతరం. అందరినీ చేయనిస్తే కల్తీ అవుతుంది, అసలు రూపం పోతుంది అంటారు. టూసాన్ వీధుల్లో అన్నిటికంటే ఎక్కువ ఇష్టంగా తినే సొనోరా హాట్‌డాగ్ చూడండి. సాసేజికి బేకన్ చుట్టి, మెత్తటి రొట్టెలో పెట్టి, పైన ఉడికించిన చిక్కుడు గింజలు, టమాటా, ఉల్లిపాయ, మయొనైజ్, పక్కన కాల్చిన మిరపకాయ. అమెరికా సరుకు మెక్సికోలోని ఎర్మోసియో బళ్ల మీదికి వెళ్లి, వేషం మార్చుకుని 1980ల్లో సరిహద్దు దాటి తిరిగొచ్చింది. 1993లో తోపుడు బండిగా మొదలైన ఎల్ గ్వేరో కానెలో దుకాణానికి 2018లో జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. నాలుగు వేల ఏళ్ల మొక్కజొన్న పక్కన నలభై ఏళ్ల హాట్‌డాగ్‌కు చోటు ఉండాలా? ఉండాలి. వైట్ సొనోరా గోధుమ కూడా ఒకనాడు స్పెయిన్ వాళ్లు తెచ్చిన పరాయి గింజే. ఓదమ్‌ల వైలా సంగీతంలో వాయించే అకార్డియన్ ఐరోపా వాద్యమే. మన మిరపకాయ, మొక్కజొన్న, వేరుశనగ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే గదా, అవి లేని తెలుగు వంట ఇప్పుడు ఊహించగలమా? పుట్టుక ఎక్కడన్నది కాదు, ఆ ఊరి చేతుల్లో పడి ఆ నేల రుచికి లొంగిందా లేదా అన్నదే గీటురాయి.

ఈ గీటురాయి మీద మన వేడుకలనూ రుద్ది చూసుకోవాలి. తంగేడు, గునుగు ఏరుకొచ్చి ఆడవాళ్లే పేర్చి ఆడే బతుకమ్మ, జహీరాబాద్ ప్రాంతపు పల్లెల్లో ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు ఊరేగించే పాత పంటల జాతర ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతాయి. ప్రభుత్వ నిధులతో మూడు రోజులు వెలిగి, నాలుగో రోజు ఫ్లెక్సీలు మిగిల్చే ఉత్సవాలు చాలావరకు నెగ్గవు. ఆహార ఉత్సవం పెట్టే మునిసిపాలిటీ స్టాళ్ల అద్దె ఎంత అని అడిగే ముందు, ఆ మండలంలో కొర్రలు పండించేవాళ్లెవరు, వాళ్లకు ఆ రోజు ఉచితంగా చోటు ఇచ్చామా అని అడగాలి. జిల్లా గ్రంథాలయాల్లో ఒక అలమరా దేశీ విత్తనాలకు కేటాయించడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. బడిలో డప్పు, చెక్కభజన నేర్పడానికి ఆ ఊళ్లోనే గురువులున్నారు. విదేశాల్లోని తెలుగు సంఘాలు కూడా సినిమా తారల విమాన టిక్కెట్లకు పెట్టే డబ్బులో కొంత, అక్కడ పుట్టిన పిల్లలు తామే పిండి రుబ్బి, తామే పాడి, తామే ముగ్గు వేసే ఏర్పాట్లకు పెడితే ఫలితం వేరుగా ఉంటుంది. మీ ఊళ్లో ఈసారి జరిగే ఉత్సవం కరపత్రం చేతికి అందినప్పుడు, ముఖ్య అతిథుల పేర్ల కింద మీరు చేయడానికి ఏదైనా పని రాసి ఉందేమో వెతకండి. లేకపోతే నిర్వాహకులను అడిగి రాయించండి.